చీకటి పడితే హామ్ రేడియోలో 40 మీటర్ల బ్యాండు మీద ఒకటే హోరు. ఐదుగురం ఐదు కారణాలు చెబుతున్నాం, కలిసి పట్టుకోవడం ఎలాగండీ?

కాలువగట్టు:

అందరికీ నమస్కారం. మాది ఉండి పక్కన ఊరు. సెంటర్లో సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతాను. హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సు వచ్చి తొమ్మిదేళ్లయింది. డాబా మీద 40 మీటర్ల బ్యాండుకి డైపోలు (రెండు వైపులా చాచిన వైరు ఏంటెన్నా), ఒక కొస కొబ్బరిచెట్టుకి, రెండో కొస వాటర్ ట్యాంకు పైపుకి. గొప్ప సెటప్పేమీ కాదు. అయినా హైదరాబాదు వాళ్లూ బెంగళూరు వాళ్లూ పక్కింటి అరుగు మీంచి మాట్లాడినట్టు వినబడేవారు.

ఈ వేసవి నుంచి సాయంత్రం ఆరున్నర దాటితే 7 మెగాహెర్ట్జ్ (40 మీటర్ల బ్యాండు అంటే అదే) మొత్తం హోరే. పగలు ఎస్-మీటరు (సిగ్నల్ బలం చూపేది) 2 దగ్గర పడుకుని ఉంటుంది. సాయంత్రం లేచి 9 మీద కూర్చుంటుంది. తెల్లవారుజామున ఐదున్నరకి ఎవరో స్విచ్ తీసేసినట్టు దిగిపోతుంది. ఈ మధ్యలో ఒడిశా నుంచో తమిళనాడు నుంచో ఎవరైనా పిలిస్తే గొంతు ఉందని తెలుస్తుంది తప్ప మాట అందదు.

నాకు తెలిసిన పరీక్షలు చేశాను. ఇంటి మెయిన్ ఆపేసి రేడియోని బ్యాటరీ మీద పెట్టాను. హోరు అలాగే ఉంది. ఏంటెన్నా వైరు పీకేస్తే నిశ్శబ్దం. అంటే సెట్లో లోపం లేదు, మా ఇంట్లోనూ లేదు.

అసలు సమస్య ఇక్కడ మొదలైంది. మా చుట్టుపక్కల పదిహేను కిలోమీటర్ల లోపు ఐదుగురం ఉన్నాం: నేను, ఆకివీడులో ఒకాయన, కాళ్ల అనే ఊళ్లో ఒక కుర్రాడు, పాలకోడేరులో ఒక మాస్టారు, భీమవరంలో అపార్ట్‌మెంట్లో ఉండే ఒక మిత్రుడు. ఐదుగురికీ గోల ఉంది. ఆకివీడు ఆయన కరెంటు స్తంభాల మీది ఇన్సులేటర్లంటాడు. మాస్టారు ఎల్‌ఈడీ బల్బులంటారు. కాళ్ల కుర్రాడు చెరువుల్లో గాలి కలిపే ఏరియేటర్ మోటార్లంటాడు. భీమవరం మిత్రుడికి సెల్ టవరు మీద అనుమానం. వాట్సాప్‌లో దీని మీద పెద్ద గొడవే అయింది, మాస్టారు రెండు రోజులు గ్రూపు వదిలి వెళ్లిపోయారు కూడా. ఒకరు ఒక ఆఫీసుకి ఉత్తరం రాస్తే ఇది మా విభాగం కాదన్నారు. ఇంకో ఆఫీసు వాళ్లు ఏ పరికరం, ఎవరిది, ఎక్కడుంది చెప్పమన్నారు. అదే తెలిస్తే ఉత్తరం ఎందుకండీ రాయడం?

మా చుట్టూ ఉన్నవన్నీ రొయ్యల చెరువులు. చెరువుల వాళ్లలో సగం మంది మా చుట్టాలు, మిగతా సగం మా షాపు ఖాతాదారులు. అడిగితే అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. మాకు అచ్చంగా అతికిన సామెత.

నవ్వులాటకి రాయడం లేదండీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు ఫోన్లు చచ్చిపోతే హాములు వెళ్లి సెట్లు పెట్టారు. ఆ సంగతి చదివే నేను పరీక్షకి కట్టాను. ఇంకో రెండు నెలల్లో మళ్లీ తుపాన్ల కాలం. ఆ రోజు ఎవరైనా బ్యాటరీ మీద చిన్న పవర్‌తో పిలిస్తే ఈ హోరులో మాకు వినబడదు. ఐదు ఊళ్ల వాళ్లం కలిసి దీన్ని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ప్యానెల్_పని:

సోలార్ ఇన్వర్టర్ అండీ. కళ్లు మూసుకుని చెప్పొచ్చు. మీ వీధిలో కొత్తగా ఎవరు పెట్టించారో చూడండి.

కాలువగట్టు:

రాత్రి పూట సోలారా అన్నా?

ప్యానెల్_పని:

సారీ, సగమే చదివాను. సోలార్ గోల అయితే పొద్దున్నే మొదలై పొద్దు గుంకేసరికి పోతుంది. మీది దానికి తలకిందులు. చీకటి పడగానే వచ్చి తెల్లారే ముందు పోతోందంటే లైట్లకి దగ్గరగా ఉంది. ఈసారి కళ్లు తెరిచే చెబుతున్నాను.

గాజువాక_ముసలాడు:

కాలువగట్టు గారూ, నాకు డెబ్భై రెండు, తమ్ముడూ అనే పిలుస్తాను.

పాతికేళ్లు సరుకు ఓడల్లో రేడియో ఆఫీసరుగా చేశాను. రేడియో గదిలో గోడ గడియారం ఉండేది. దాని మీద గంట దాటి 15 నుంచి 18 నిమిషాల వరకు ఒక ఎర్ర ముక్క, 45 నుంచి 48 వరకు ఇంకో ఎర్ర ముక్క రంగు వేసి ఉండేవి. ఆ మూడేసి నిమిషాలు 500 కిలోహెర్ట్జ్ మీద ప్రపంచంలో ఏ ఓడా మోర్స్ కీ ముట్టుకోకూడదు. అందరూ చేతులు కట్టుకుని వినాలి. ఎక్కడో బ్యాటరీ అయిపోతున్న ఓడ ఎస్‌ఓఎస్ కొడుతుంటే ఆ సన్నటి కూత వినబడాలని ఆ ఏర్పాటు. మాటల సెట్ల కోసం 2182 మీద గంటకీ అరగంటకీ ఇలాంటివే ఇంకో రెండు, వాటికి ఆకుపచ్చ రంగు. 1999 ఫిబ్రవరి నుంచి శాటిలైట్ల పద్ధతి పూర్తిగా వచ్చేసింది, మాకూ ఆ గడియారానికీ పని పోయింది.

మీ ఐదుగురికీ ఇప్పుడు కావలసింది ఆ గడియారం. కొత్త ఏంటెన్నాలు, విశ్లేషణ మీటర్లు తర్వాత చూసుకోవచ్చు. మీరంతా వింటున్నారు, కానీ తలా ఒక వేళకి వింటున్నారు. ఒకాయన ఎనిమిదింటికి విని అబ్బో అంటాడు, ఇంకొకాయన పన్నెండింటికి విని లేదంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అయినా తగాదా తప్పదు.

రోజుకి మూడు వేళలు పెట్టుకోండి. సాయంత్రం 7:15, రాత్రి 10:45, తెల్లవారుజామున 4:15. నాలుగున్నరకి ముందు లేవడం కష్టమే, కానీ దానికి కారణం ఉంది, కింద చెబుతాను. ముగ్గురు లేచినా చాలు. వేళకి మూడు నిమిషాలు, అందరూ 7.150 మీద, అందరూ ఒకే మోడ్, ప్రీయాంపు (సిగ్నల్ పెంచేది) ఆపి, అటెన్యుయేటరు (తగ్గించేది) తీసేసి. ఎవరూ ట్రాన్స్‌మిట్ చేయొద్దు. మీటరు ఎంత చూపిందో రాయండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మీ 9, ఆకివీడు ఆయన 9 ఒకటి కావు. ఒక్కో ఎస్ మెట్టు 6 డెసిబెల్స్ అని పుస్తకం. 2 నుంచి 9 అంటే 42 డెసిబెల్స్, అంటే దాదాపు పదహారు వేల రెట్ల పవరు. కానీ మన సెట్లలో మీటర్లు అంత నిజాయితీపరులు కావు. అందుకని ఎవరి మధ్యాహ్నం లెక్క వాళ్లు రాసుకుని, దాని మీద రాత్రి ఎన్ని మెట్లు పెరిగిందో అది మాత్రమే పంచుకోండి. ఇంకో మాట. రాత్రయితే ఆకాశం నుంచి వచ్చే గోలే కొంత పెరుగుతుంది, ఎక్కడెక్కడి ఉరుములూ వినబడతాయి. అది మీ ఊరి తప్పు కాదు. ఒకటి రెండు మెట్లు దానికి వదిలేయండి.

మీటరు పక్కన ఇంకో మూడు సంగతులు రాయండి. ఆ నిమిషంలో కరెంటు ఉందా లేదా, మీ ఇంటికి వచ్చే ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను, పేరేమిటి (లైన్‌మేన్‌ని అడిగితే చెబుతాడు), వాన, మంచు, గాలి ఎలా ఉన్నాయి. మంచుని తేలిగ్గా తీసుకోకండి. స్తంభం మీద వదులైన బోల్టు దగ్గర వచ్చే స్పార్కు ఎండలో రెచ్చిపోతుంది, వాన పడితే ఆగిపోతుంది. ఉప్పూ దుమ్మూ పట్టిన ఇన్సులేటరు దానికి విరుద్ధం. ఎండలో నోరు మెదపదు, తెల్లవారుజామున మంచు పడితే మొదలెడుతుంది. 4:15 అన్నది అందుకే.

రెండో పని, డయల్ తిప్పి చూడండి. బ్యాండు ఈ చివర నుంచి ఆ చివరి వరకు గోల ఒకే మట్టంలో ఉంటే లైను స్పార్కు అయ్యే అవకాశం ఎక్కువ. కొంత దూరం పెరిగి, తగ్గి, మళ్లీ అంతే దూరంలో పెరిగి అలలు అలలుగా ఉంటే అది అడాప్టరో, ఎల్‌ఈడీ డ్రైవరో, మోటారు డ్రైవో. ఫోన్లో ఇరవై సెకన్లు రికార్డు చేసి కంప్యూటర్లో గీత చూస్తే, సెకనుకి వంద గుత్తులు కనబడితే అది కరెంటు మీద నడిచేదే. మన కరెంటు 50 సైకిళ్లు, ఒక్కో సైకిల్‌కి రెండు గుత్తులు. అయితే చవక ఎల్‌ఈడీ కూడా ఆ వంద చూపించగలదు, కాబట్టి వంద కనబడింది కదా అని స్తంభం మీద నేరం మోపకండి. రెండు పరీక్షలూ కలిపి చూడాలి.

అన్నిటికన్నా పెద్ద సాయం కరెంటు కోత. ఫీడరు ట్రిప్ అయిన నిమిషంలో ఐదుగురిలో ఎవరి గోల ఆగింది, ఎవరిది ఆగలేదు అన్నది లక్ష రూపాయల పరికరం కూడా చెప్పలేదు. అందుకే ఆ మూడు వేళల్లో సెట్లు బ్యాటరీ మీద ఉంచండి.

మాది కూడా చెప్పేస్తాను. ఇక్కడ నలుగురం కలిసి ఆరు నెలలు ఒక కోల్డ్ స్టోరేజీ మీద పడ్డాం. యజమానితో మాటా మాటా వచ్చింది. చివరికి లాగు (వేళలవారీ పట్టిక) రాయడం మొదలుపెడితే నలుగురికీ నాలుగు వేర్వేరు కారణాలు. నా గోల మా పూజగదిలో దేవుడి పటం చుట్టూ మా ఆవిడ కట్టిన సీరియల్ లైట్లు. ఇంటి మెయిన్ ఆపి చూడలేదా అంటారేమో. ఆపాను. ఆ లైట్లు ఇన్వర్టర్ లైను మీద ఉన్నాయి. కోల్డ్ స్టోరేజీ ఆయనకి స్వీటు బాక్సు పట్టుకెళ్లి ఇచ్చి వచ్చాను.

ఇక రేడియో గోలల ఫిర్యాదులు చూసే కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ మానిటరింగ్ వాళ్ల సంగతి. 1952 నుంచి ఉన్న సంస్థ, హైదరాబాదులోనూ విశాఖలోనూ స్టేషన్లు ఉన్నాయి, గోల ఏ దిశ నుంచి వస్తోందో పట్టే బండ్లు ఉంటాయి. కానీ విమానాల ఫ్రీక్వెన్సీ మీద గోల వస్తే వాళ్లు ముందు అటు పరుగెత్తాలి కదా. మన ఉత్తరంలో "రాత్రిళ్లు హోరుగా ఉంది" అని ఉంటే అది అడుగున పడుతుంది. ఐదు చోట్ల రెండు వారాల లాగు, ఫలానా చెరువు గట్టు మీద ఫలానా చోట అని ఉంటే దానికి విలువ. ఆ స్థితికి వచ్చేసరికి చాలాసార్లు ఉత్తరం అవసరమే పడదు.

వెతకడానికి వెళ్లేటప్పుడు మాత్రం ఒకటి గుర్తు పెట్టుకో తమ్ముడూ. స్తంభాన్ని కొట్టడం, స్టే వైరు ఊపడం చేయొద్దు. కదిలిస్తే గోల మారుతుంది, నిజమే. ప్రాణం కూడా మారుతుంది.

ఎల్‌సీ_ప్లీజ్:

సబ్‌స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ చేస్తాను, ఏ జిల్లానో అడక్కండి. పెద్దాయన చెప్పింది కరెక్టు. మా వైపు నుంచి రెండు మాటలు.

కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి "రేడియోలో శబ్దం వస్తోంది" అంటే అవతల ఉన్న అమ్మాయికి ఏం రాసుకోవాలో తెలియదు. "ఫలానా ఫీడరు, ఫలానా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ బ్లేడు స్పార్కు ఇస్తోంది" అంటే అది మా భాష (ఏబీ స్విచ్ అంటే స్తంభం మీద లైనుని కలిపే, విడదీసే స్విచ్). వదులైన బ్లేడు ఈ రోజు రేడియోలో గోల, రేపు కాలి పడిపోయే జంపరు వైరు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు దాన్ని బ్రేక్‌డౌన్ కాకముందే చేయించుకుంటారు. ట్రాన్స్‌ఫార్మర్ మీద నంబరు రాసి ఉంటుంది, అది రాసుకోండి. చీకట్లో దూరం నుంచి ఫోన్లో వీడియో తీస్తే ఇంకా మంచిది.

రెండోది. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపామన్న అనుమతి) తీసుకోకుండా ఎవరూ స్తంభం ఎక్కరు. లైను ఆపాలి. ఆక్వా ఫీడరు రాత్రి ఆపితే రైతులు సబ్‌స్టేషన్ మీదికి వస్తారు, వాళ్ల బాధ వాళ్లది, ఏరియేటర్లు ఆగితే ఆక్సిజన్ పడిపోయి పొద్దుటికి రొయ్యలు తేలతాయి. కాబట్టి రాత్రి వినబడే గోలకి పగలు పని అడగండి. పదకొండు, పన్నెండు గంటల మధ్య ఎండ ఉంటే చెరువులో ఆక్సిజన్ బాగుంటుంది, ఇరవై నిమిషాలు లైను ఆపినా ఎవరూ ఏమీ అనరు. ఆ వేళ మీరే సూచిస్తే లైన్‌మేన్ మిమ్మల్ని మనిషిగా చూస్తాడు.

డల్లాస్_పెరడు:

ఆసక్తిగా చదువుతున్నాను. మాది తణుకు, ఇక్కడికి వచ్చి పద్దెనిమిదేళ్లు. ఇక్కడ ఎఫ్‌సీసీ (అమెరికాలో రేడియో, టెలికాం నియంత్రణ సంస్థ) రూల్సులో పార్ట్ 15 అని ఉంది. గోల పుట్టించే పరికరం ఎవరు వాడుతున్నారో ఆపే బాధ్యత వాళ్లదే. వినడానికి బాగుంటుంది. కానీ ఇక్కడ కూడా మొదటి రోజే ఎఫ్‌సీసీ ఎవరి తలుపూ తట్టదు. ముందు నువ్వు వెతుక్కో, కరెంటు కంపెనీతో మాట్లాడు, రాసి పెట్టుకో అంటారు. మా పెరట్లో స్తంభం గోల తీరడానికి పద్నాలుగు నెలలు పట్టింది. తేడా అల్లా మాకు సెకనుకి 120 గుత్తులు, మీకు 100.

కాలువగట్టు:

మూడు వారాల తర్వాత వస్తున్నాను, క్షమించాలి. అందరికీ, ముఖ్యంగా గాజువాక మాస్టారికి నమస్కారాలు. మొత్తం రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

మొదటి నాలుగు రోజులు లాగు చెత్త బుట్టలో వేయాల్సి వచ్చింది. ఆకివీడు ఆయన గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనక. కాళ్ల కుర్రాడు ప్రీయాంపు ఆపడం మర్చిపోయాడు. అప్పటి నుంచి ఫోన్లో టైమే చూడాలని, మొదలుపెట్టే ముందు సెట్టు ముందు భాగం ఫొటో గ్రూపులో పెట్టాలని తీర్మానం. తర్వాత తొమ్మిది రాత్రులు సరిగ్గా వచ్చాయి.

భీమవరం మిత్రుడి గోల మొదటి రెండు రోజుల్లోనే తేలిపోయింది. ఆయన లాగులో మీటరు లేస్తోంది, పడుతోంది, ముప్ఫై నలభై సెకన్లకోసారి. మిగతా నలుగురిలో ఎవరికీ అలా లేదు. ఆయన భార్య పక్కన కూర్చుని "అది మన లిఫ్టు కదా" అందట. లిఫ్టు పైకి వెళ్తే గోల, ఆగితే నిశ్శబ్దం. పాపం, ఇన్నాళ్లూ సెల్ టవరు వైపు గుర్రుగా చూసేవాడు.

ఆకివీడు ఆయనకి 7:15కి రెండే మెట్లు, 10:45కి రెండే, 4:15కి మాత్రం ఆరు. అది కూడా మంచు పడ్డ రోజుల్లోనే. రెండు రాత్రులు వాన పడింది, ఆ తర్వాత మూడు రోజులు 4:15కి కూడా శుభ్రంగా ఉంది. ఇన్సులేటర్లని మొదటి నుంచీ అంటున్నది ఆయనే. గ్రూపులో ఇప్పుడు ఆయన్ని పట్టలేకపోతున్నాం.

కాళ్ల కుర్రాడికి 7:15కి తక్కువ, 10:45కి ఎక్కువ. ఏరియేటర్లు వేసే వేళ అది. తన ఏరియేటర్ సిద్ధాంతం గెలిచిందని ఎగిరాడు గానీ, డయల్ తిప్పితే అలలు లేవు, చివర నుంచి చివరికి ఒకే మట్టం. మోటార్లు తిరిగితే లైను మీద లోడు పెరుగుతుంది, లోడు పెరిగితే వదులు జాయింటు గోల చేస్తుంది.

ఇక నాది. ఏడో రాత్రి, 10:42కి మా ఫీడరు ట్రిప్ అయింది. మామూలుగా అయితే తిట్టుకునేవాణ్ణి, ఆ రాత్రి చప్పట్లు కొట్టాను. మీటరు 9 నుంచి 3కి పడిపోయింది. కాళ్లది వేరే ఫీడరు, అతనికి ఏ మార్పూ లేదు. అంటే ఇద్దరిదీ ఒక గోల కాదు. ఇంతలో 10:44కి, ఊరంతా చీకటిగానే ఉంది, నా మీటరు మళ్లీ 9కి లేచింది!

కరెంటు రాకుండా గోల ఎలా వచ్చిందని ఒక నిమిషం బుర్ర పనిచేయలేదు. డాబా పిట్టగోడ దగ్గరికి వెళ్లి చూశాను. ఊళ్లో ఒక్క దీపం లేదు. కాలవ అవతల చెరువు గట్టు మీద మాత్రం వరసగా తెల్లటి లైట్లు. జనరేటర్ చప్పుడు కూడా సన్నగా వినబడుతోంది. ఆ చెరువు ఎవరిదంటే మా మేనమామ కొడుకుది. బావకి ఫోన్ చేయడానికి చెయ్యి రాలేదు.

పొద్దున్న ఫోన్ చేయలేదు, గాజువాక మాస్టారి స్వీటు బాక్సు గుర్తొచ్చి ఒక అరకేజీ కాజాలు పట్టుకుని సాయంత్రం వెళ్లాను. షాపులో మూలన పడి ఉన్న పాత ట్రాన్సిస్టరు కూడా తీసుకెళ్లాను. విజయవాడ ఆకాశవాణి 837 మీద నుంచి కొంచెం జరిపి ఖాళీ చోట పెట్టాను. చీకటి పడి గట్టు మీద లైట్లు వెలగగానే ట్రాన్సిస్టరు జుయ్యిమంది. దాని లోపల ఉండే నల్లటి రాడ్డు ఎటు చూస్తే అటు నుంచి వచ్చే గోల తగ్గిపోతుంది కదండీ, చేతిలో తిప్పుకుంటూ గట్టు వెంబడి నడిచాను. రెండు చోట్ల నిలబడి ఆ వైపు గీత గీస్తే రెండు గీతలూ మేత గోడౌను దగ్గర కలిశాయి.

బావ అప్పటిదాకా నవ్వుతూనే ఉన్నాడు. "నీ రేడియోకి నా రొయ్యలు ఏం చేశాయిరా" అన్నాడు. మేత గోడౌను పక్కన స్విచ్ బోర్డులో మూడు వరసలకి మూడు ఎంసీబీలు ఉన్నాయి. ఒక్కొక్కటే దించమన్నాను. మొదటిది దించాడు, జుయ్యి అలాగే ఉంది. రెండోది, అలాగే ఉంది. మూడోది దించగానే ట్రాన్సిస్టరు నోరు మూసుకుంది. మళ్లీ ఎత్తాడు, జుయ్యి. దించాడు, నిశ్శబ్దం. నాలుగైదు సార్లు తనే సరదాగా ఎత్తి దించాడు. "ఓర్నీ, ఇవి వేసవిలో బండి మీద వస్తే చవగ్గా కొన్నానురా" అన్నాడు. ఎనిమిది ఫ్లడ్ లైట్లు. పేరు లేదు, మార్కు లేదు. ఒక్కోదానికి బోర్డు నుంచి పొడుగాటి వైరు, ఆ వైరే ఏంటెన్నా.

ముందు ఫెర్రైటు రింగులు (వైరు వెంట వచ్చే గోలని అడ్డుకునేవి) వేసి చూశాను. ఉన్న రెండు రింగులకి వైరు పదేసి చుట్లు చుట్టి రెండు లైట్లకి పెట్టి, మిగతా ఆరు ఆర్పి ఇంటికొచ్చి చూస్తే గోల కొంచెం తగ్గింది గానీ పోలేదు. ఎనిమిదింటికి రింగులు కొనే డబ్బులతో మంచి లైట్లే వస్తాయని లెక్క తేలింది. నాలుగు బావ కొన్నాడు, నాలుగు మేం ఐదుగురం చందా వేసుకుని కొన్నాం. పాలకోడేరు మాస్టారు మాత్రం లైట్లని మొదట చెప్పింది తనేనని, తన వాటా తగ్గించమని అడిగారు, సరదాకే లెండి. ఆయన గోల వాళ్ల వీధిదే అని వెతుక్కుంటున్నారు. ఇప్పుడు నా మీటరు రాత్రి 3, 4 మధ్య ఉంటోంది.

కాళ్ల సంగతి. కుర్రాడు ట్రాన్సిస్టరుతో బయలుదేరి మొదటి రోజు తప్పు స్తంభం పట్టాడు. లైను పొడుగునా గోల ఒకచోట ఎక్కువ ఒకచోట తక్కువ వినబడుతుంటుందట, మీడియం వేవ్‌లో నమ్మడానికి లేదు. రెండో రోజు 144 మెగాహెర్ట్జ్ దగ్గర ఏఎంలో వినగలిగే రిసీవరు, చిన్న యాగీ (ఒక వైపే బాగా వినే ఏంటెన్నా) పట్టుకెళ్తే మూడు స్తంభాల అవతల ట్రాన్స్‌ఫార్మర్ మీద తేలింది. పై ఫ్రీక్వెన్సీల గోల దూరం పోదు, అందుకే దగ్గరికొచ్చాక అవే పట్టిస్తాయి. ఎల్‌సీ_ప్లీజ్ గారు చెప్పినట్టే అక్షరం పొల్లుపోకుండా రాశాం: ఫీడరు, ట్రాన్స్‌ఫార్మర్ నంబరు, ఏబీ స్విచ్, పగలు పదకొండు పన్నెండు మధ్య అయితే రైతులకి ఇబ్బంది లేదు అని. ఆరో రోజు లైన్‌మేన్ వచ్చాడు. ఎల్‌సీ తీసుకుని పైకెక్కి, మధ్య బ్లేడు చూపించాడు, బొగ్గులా ఉంది. బిగించి శుభ్రం చేసి దిగడానికి పాతిక నిమిషాలు. "ఇంకో నెల ఆగితే ఇది ఊడి కింద పడేదండీ" అన్నాడట. "రేడియో" అన్న మాట ఎక్కడా రాలేదు.

గాజువాక మాస్టారూ, ఇంకొక్క అనుమానం. లాగులో రెండు రాత్రులు నలుగురికీ ఒకేసారి బ్యాండులో కొంత మేర టకటకటకమని ఒక చప్పుడు. కరెంటు పోయినా ఆగలేదు. ఇదేంటి?

గాజువాక_ముసలాడు:

శభాష్ తమ్ముడూ. జనరేటర్ సంగతి చదివి మా ఆవిడకి కూడా వినిపించాను.

ఆ టకటక మీ జిల్లాది కాదు. ఆ రాత్రుల్లో నేనూ విన్నాను, హైదరాబాదు మిత్రుణ్ణి అడిగితే ఆయనా విన్నాడు. మూడు చోట్లా ఒకేసారి ఉందంటే ఆకాశం నుంచి దిగుతోంది. చాలా దూరం చూసే రాడార్లు షార్ట్‌వేవ్ మీద ఉంటాయి. 1976 నుంచి 1989 దాకా సోవియట్ వాళ్ల రాడార్ ఒకటి సెకనుకి పదిసార్లు ఇలాగే కొడుతుంటే, వడ్రంగి పిట్ట అని పేరు పెట్టి ఓడల మీద అందరం తిట్టుకునేవాళ్లం. దానికి మీ లాగులో వేరే కాగితం పెట్టండి. తేదీ, యూటీసీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక) టైము, ఫ్రీక్వెన్సీ, ఎంత వెడల్పు, సెకనుకి ఎన్ని దెబ్బలు. అంతర్జాతీయ హామ్ యూనియన్‌కి మన ఆసియా పసిఫిక్ వైపు మూడో రీజియన్ ఉంది, వాళ్ల మానిటరింగ్ విభాగం ఇలాంటివి పోగు చేస్తుంది. మన దేశంలోని హాముల సొసైటీ ద్వారా పంపొచ్చు. బావకి కాజాలు పెట్టి ఆపించగలిగేది కాదు ఇది.

రొయ్యల వలకి రొయ్యలు, చేపల వలకి చేపలు. రెండూ ఒక బుట్టలో వేయకండి.

కాలువగట్టు:

ఆయ్, వేరే పుస్తకం పెట్టేశాం.

ఇక మిగిలింది ఆకివీడు ఇన్సులేటర్లు. ఊరికి పడమర వైపు అని తెలుసు. ట్రాన్సిస్టరుతో రెండు గీతలు గీశాం గానీ రెండూ దాదాపు ఒకదాని పక్కన ఒకటి పోతున్నాయి, ఎక్కడ కలుస్తాయో తేలడం లేదు. మూడో గీత అటు వైపు నుంచి కావాలి. కైకలూరు చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి. పెద్ద ఏంటెన్నా అక్కర్లేదు, పాత ట్రాన్సిస్టరు చాలు. మంచు పడ్డ రోజు తెల్లవారుజామున 4:15కి లేవగలిగితే అదే పది వేలు. టీ ఖర్చు ఆకివీడు ఆయనది.